ఎనిమిదో తరగతికి రసాయన శాస్త్రం ఎక్కడ మొదలుపెట్టాలి? (కొవ్వొత్తి, గాజు సీసా, ఐదో వంతు గొడవ)

కొత్త_పీఎస్_టీచర్

అందరికీ నమస్కారం. ఈ ఏడాదే ఉద్యోగంలో చేరాను. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను. ఎనిమిదిలో 52 మంది పిల్లలు. ప్రయోగశాల అని బోర్డు ఉన్న గది ఉంది కానీ అందులో ఎన్నికల సామాను, విరిగిన బెంచీలు. బీరువాలో కొన్ని సీసాలున్నాయి, సగానికి చీటీలు ఊడిపోయాయి.

నా సందేహం ఇది. సంకేతాలు (మూలకాల పొట్టి గుర్తులు), సంయోజకతలు (ఒక పరమాణువు ఎన్నింటితో కలవగలదో చెప్పే అంకెలు) అంటేనే పిల్లలు ముఖం తిప్పేసుకుంటున్నారు. అన్నల దగ్గర, అక్కల దగ్గర విని ముందే భయం పెంచుకుని వచ్చారు. మొదటి రెండు వారాలు పుస్తకం తెరవకుండా, శాస్త్రీయ పద్ధతి అంటే ఏమిటో వాళ్ల చేతులకే తెలిసేలా ఏమైనా చేయించాలని ఉంది. ఖర్చు నా జేబులోంచే, కాబట్టి కిరాణా కొట్టు దాటకూడదు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

సీసామూత

టీచర్ గారూ, అన్నిటికంటే ముందు ఒక మాట. చీటీ లేని సీసాల మూత తీయకండి, వాసన చూడకండి, సింకులో పారబోయకండి. ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా చెప్పి వేరే పెట్టించండి. ఆమ్లాల అమ్మకం మీద 2013లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది కాబట్టి కొత్తవి కొనాలన్నా బడి పేరుతో కాగితాలు కావాలి. మీ రెండు వారాలకు వాటితో పనే లేదు. నిమ్మకాయలు, వంటసోడా, పసుపు చాలు.

మొదటి రోజు కొవ్వొత్తి వెలిగించి ఊరికే చూడమనండి. నేను ఖమ్మం వైపు చాలా ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పిల్లలకు ఇచ్చిన ఉపన్యాసాలన్నీ ఒక్క కొవ్వొత్తి చుట్టూనే నడిచాయి. మనకు ఒక పీరియడ్‌కు సరిపోదా?

"చూసింది రాయండి, తెలిసింది రాయకండి" అనేది ఒక్కటే నియమం. "ఆక్సిజన్ వల్ల మండుతోంది" అని రాస్తే కొట్టేయండి, ఆక్సిజన్‌ను ఎవరూ చూడలేదు. "వత్తి చుట్టూ మైనం చిన్న గుంటలా కరిగింది, వత్తి దగ్గర మంట నల్లగా ఉంది, పైన పసుపు, అడుగున నీలం" అని రాస్తే మెచ్చుకోండి. చివర్లో కొవ్వొత్తిని ఊదేయండి. తెల్లటి పొగ తీగలా పైకి లేస్తుంది. వెలుగుతున్న అగ్గిపుల్లను వత్తికి తగలకుండా, ఆ పొగకు పైనుంచి అంటించండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని పట్టుకుంటుంది. గాలి కదలకూడదు, ఫ్యాన్ ఆపాలి. మండేది వత్తి కాదు, మైనం ఆవిరి అనే సంగతి మీరు చెప్పనవసరం లేదు, ఎవరో ఒకరు అంటారు.

పదికి_పది

దీనికి ఇంకో మెట్టు కలపండి. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లించండి. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఎంత ఎక్కాయో కొలిస్తే ఐదో వంతు. గాలిలో ఆక్సిజన్ 21 శాతం అని నిరూపణ అయిపోయింది. ఒక్కసారి చూస్తే పిల్లలు జన్మలో మరచిపోరు. పరీక్షల్లో కూడా వస్తుంది.

తేటనీరు

పదికి_పది గారూ, ప్రయోగం బంగారం. వివరణే ఇత్తడి. ఎన్నో గైడ్లలో ఉంది నిజమే, అయినా తప్పు. అందుకే టీచర్ గారికి నా సలహా కూడా ఇదే ప్రయోగం, కాకపోతే వివరణ చెప్పకుండా. పిల్లలే "ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి" అంటారు. అననివ్వండి, బోర్డు మీద రాయండి. తర్వాత ఒకటే అడగండి: "అదే నిజమైతే నీళ్లు ఎప్పుడు ఎక్కాలి?"

మంట మండుతున్నంతసేపూ ఆక్సిజన్ కొంచెం కొంచెంగా తగ్గుతుంది కదా, నీళ్లూ కొంచెం కొంచెంగా ఎక్కాలి. కళ్లు పెట్టి చూడమనండి. మండుతున్నప్పుడు నీళ్లు దాదాపు కదలవు. గ్లాసు బోర్లించగానే అంచు కింద నుంచి బుడగలు కూడా బయటికి పోతాయి. మంట ఆరిన మరుక్షణం నీళ్లు గబగబా ఎక్కుతాయి. ఆక్సిజన్ కథకు ఇది పొసగదు.

పదికి_పది

ఐదో వంతు రావడం మాత్రం నిజం కదండీ? నా తరగతిలో ఇంచుమించు అంతే వస్తుంది. ఆక్సిజన్ కాకపోతే సరిగ్గా 20 శాతం దగ్గరే ఎందుకు ఆగుతుంది? కాకతాళీయం అంటారా?

తేటనీరు

కాకతాళీయమే. దాని గుట్టు ఇది.

బోర్లించేటప్పుడు గ్లాసులో చేరేది మామూలు గాలి కాదు, మంట చుట్టూ ఉన్న వేడిగాలి. ఆ గాలి సగటున 100 డిగ్రీల దగ్గర ఉండి, మంట ఆరాక 27 డిగ్రీలకు చల్లబడిందనుకోండి. కెల్విన్‌లో (సెల్సియస్‌కు 273 కలిపితే వచ్చే కొలతలో) 373 నుంచి 300. ఘనపరిమాణం దాదాపు 20 శాతం తగ్గుతుంది. ఆక్సిజన్ లేకుండానే ఐదో వంతు వచ్చేసింది!

ఇప్పుడు ఆక్సిజన్ వాటా ఎంతో చూద్దాం. మూసిన సీసాలో ఆక్సిజన్ మొత్తం అయిపోయేదాకా కొవ్వొత్తి మండదు, 21 శాతం నుంచి 16 శాతం దగ్గరికి దిగేసరికే ఆరిపోతుంది. అంటే ఖర్చయ్యేది అయిదు పాళ్లు. అదీ ఊరికే మాయం కాదు, మూడు పాళ్ల ఆక్సిజన్ పోతే రెండు పాళ్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లో నీళ్లలో కరిగేది స్వల్పం. నీటి ఆవిరి గాజుకు చెమటలా పట్టేస్తుంది కనుక దాన్ని లెక్కలోంచి తీసేయవచ్చు. నికరంగా తగ్గేది నూటికి రెండు పాళ్ల లోపే. మిగతాదంతా చల్లారడం వల్లనే.

ఎనిమిదో తరగతికి ఈ లెక్క చెప్పక్కర్లేదు. కొవ్వొత్తులు మార్చమనండి చాలు. ఒకే సీసా కింద ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు. ఆక్సిజన్ కథ నిజమైతే ఎన్ని పెట్టినా అదే ఐదో వంతు రావాలి, సీసాలో గాలి అదే కదా. వేడి కథ నిజమైతే కొవ్వొత్తులు పెరిగినకొద్దీ నీళ్లు ఎక్కువ ఎక్కాలి. రెండు కథలు రెండు వేర్వేరు జోస్యాలు చెబుతున్నాయి. ఏది నెగ్గుతుందో వెలిగించేముందే చేతులెత్తి ఓటు వేయించండి.

నా దృష్టిలో పిల్లలకు మొదట అందవలసింది ఇదే. అచ్చులో ఉన్న సమాధానాన్ని వాళ్లే చేతులారా పరీక్ష పెట్టి ఓడించగలగాలి. పరికల్పన (పరీక్షకు పెట్టే ఊహ), నిర్ధారణ లాంటి పేర్లు తర్వాత నిదానంగా వస్తాయి.

డల్లాస్_నాన్న

ఆసక్తిగా చదువుతున్నాను. మా అమ్మాయి ఇక్కడ ఎనిమిదో తరగతే. బడిలో సైన్స్ ఫెయిర్ అంటే మూడు మడతల అట్ట మీద ప్రశ్న, పరికల్పన, పద్ధతి, ఫలితం, ముగింపు అని శీర్షికలు రాసి అతికించాలి. ఫలితం ముందే తెలిసిన ప్రయోగం ఎంచుకుని, పరికల్పన దానికి సరిపోయేలా రాసేవాళ్లే ఎక్కువ. మనవాళ్లలో అయితే అట్ట తల్లిదండ్రులదే! పరికల్పన తప్పిందని రాస్తే మార్కులు తగ్గుతాయని మా అమ్మాయికి భయం. తగ్గవు అంటే నమ్మదు.

సీసామూత

» పరికల్పన తప్పిందని రాస్తే మార్కులు తగ్గుతాయని

మన ప్రయోగ రికార్డులదీ అదే జబ్బు. నలభై రికార్డులు తెరిస్తే నలభైలోనూ ఒకే అంకె, దశాంశం తర్వాత రెండు స్థానాలతో సహా. ఒకడు కొలిచాడు, మిగతావాళ్లు ఎక్కించారు. ఆ ఒకడు కూడా కొలిచాడో లేదో.

నేను పెట్టుకున్న పద్ధతి: ఒకే ప్రయోగానికి రెండు జట్ల అంకెలు అచ్చం ఒక్కటిగా ఉంటే ఇద్దరినీ పిలిచి మళ్లీ చేయిస్తాను. తేడా ఉంటే మార్కు. తేడా ఎందుకు వచ్చిందో ఒక వాక్యం రాస్తే ఇంకో మార్కు. నెల తిరిగేసరికి ఎక్కించడం మానేశారు, ఎక్కించడమే ఎక్కువ పని అయిపోయింది మరి.

ఇద్దరు_పిల్లల_తల్లి

నేను టీచర్‌ను కాదు, అడగవచ్చో లేదో తెలియదు. మా పెద్దవాడు ఫౌండేషన్ తరగతులున్న బడిలో చదువుతున్నాడు. ఎనిమిదిలోనే మోల్ లెక్కలు (పదార్థంలో ఎన్ని కణాలున్నాయో తేల్చే లెక్కలు) చేస్తున్నాడు. ఇక్కడేమో పది రోజులు కొవ్వొత్తి చూడమంటున్నారు. ఈలోగా పక్క బడి పిల్లలు రెండు పాఠాలు ముందుకు వెళ్లిపోతారు కదండీ. ఇలా నేర్చుకున్న పిల్లలు పోటీలో వెనకపడరని ఎవరు హామీ ఇస్తారు?

తేటనీరు

అమ్మా, న్యాయమైన ప్రశ్నే. హామీ నేను ఇవ్వలేను. ఇంటర్మీడియట్ విద్యార్థులకు చాలాకాలం పాఠం చెప్పినవాడిగా చూసింది మాత్రం చెబుతాను. మోల్ లెక్కలు టకటకా చేసే పిల్లవాడిని "ఈ సీసాలో ఆక్సిజన్ ఎంత ఉందో కనిపెట్టు" అంటే సూత్రం అడుగుతాడు. కొలవాలని తోచదు. లెక్క వద్దని నేననను, ఆ లెక్క దేని గురించో తెలియాలి.

మన దేశంలో ఇది పెద్ద ఎత్తున చేసి చూసిన సందర్భం ఉంది. మధ్యప్రదేశ్‌లో హోశంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం 1972లో 16 బడులతో మొదలైంది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు జట్లుగా ప్రయోగాలు చేసి, తమ పరిశీలనల నుంచే పాఠం రాసుకునేవారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోవచ్చు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. వందల ప్రభుత్వ బడులకు విస్తరించింది. 2002లో ప్రభుత్వం ఆపేసింది. మంచిచెడ్డలు ఎవరి అభిప్రాయం వారిది, కానీ మామూలు పల్లెటూరి బడిలో, మామూలు టీచర్లతో, తక్కువ ఖర్చు సామగ్రితో ముప్పై ఏళ్లు నడిచింది. "మన దగ్గర కుదరదు" అనే మాటకు నేను ఇచ్చే జవాబు అదే.

పదికి_పది

ఆపేశారు కదా మరి! పరీక్ష మారనంతవరకు ఇవన్నీ అదనపు ముచ్చట్లే. అయినా మూడు కొవ్వొత్తుల సంగతి రేపు తరగతిలో చేసి చూస్తాను. కూర్చుని వాదించుకోవడం ఎందుకు?

నల్లగొండ_నీళ్లు

మా ప్రాంతం నుంచి ఒకటి. ఫ్లోరైడ్ సమస్య గురించి అందరూ విన్నారు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. దాన్ని తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు. పటిక, సున్నం కలిపి కలియబెడితే మెత్తటి ముద్దలు కట్టి ఫ్లోరైడ్‌ను కొంత పట్టుకుని అడుగుకు దిగుతాయి.

ఫ్లోరైడ్‌ను బడిలో కొలవడం కష్టం. బురదనీళ్లతో మాత్రం అదే ఆట ఆడవచ్చు. చెరువు నీళ్లు ఒకే బకెట్‌లోంచి ఆరు సీసాల్లో సమానంగా పోయండి. ఒకదానిలో పటిక వేయకూడదు. మిగతా అయిదింటిలో చిటికెడు నుంచి పెంచుతూ పోవాలి. ఒకే రకంగా, ఒకే సేపు కలిపి వదిలేయాలి. సీసా వెనక అచ్చు కాగితం పెట్టి అక్షరాలు ఎప్పుడు చదవగలిగామో గడియారం చూసి రాయాలి. ఎంత ఎక్కువ వేస్తే అంత తేట అని పిల్లలందరూ అంటారు. ఒక హద్దు దాటాక అలా ఉండదు, పటిక నీటిని ఆమ్లంగా మారుస్తుంది కాబట్టి ముద్ద సరిగ్గా కట్టదు. ఆ హద్దు మీ చెరువుకు వేరు, మా చెరువుకు వేరు. గైడులో దొరకదు.

మా పిల్లలు పటిక వేయని సీసాను "పనికిరాని సీసా" అని పారబోయబోయారు. అది లేకపోతే పటిక పనిచేసిందో, బురద దానంతట అదే దిగిందో ఎలా తెలుస్తుందని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మరునాడు ఆ సీసాకే ముందు చీటీ అంటించారు.

కొత్త_పీఎస్_టీచర్

ఇంతమంది ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, ధన్యవాదాలు. పటిక ప్రయోగం తొమ్మిదో తరగతికి పెట్టుకుంటాను. 52 మందితో మంట ఎలా నడపాలో మాత్రం ఇంకా గుండె దడగా ఉంది. పసుపుతో ఏమైనా ఉంటే అదీ చెప్పండి.

సీసామూత

మంటకు: ఆరుగురికొక జట్టు, జట్టుకొక పళ్లెం, అగ్గిపెట్టె మాత్రం మీ చేతిలోనే. జడలు వెనక్కి, చున్నీలు ముడి. పక్కన తడి గోనెసంచి, బకెట్ నీళ్లు. గాజు గ్లాసు పలచనిదైతే వేడికి చిట్లుతుంది, మందపాటి పచ్చడి సీసా మంచిది. సెలవుల్లో ఇంటి దగ్గర చేస్తామనే పిల్లలకు ఒక్కటి గట్టిగా చెప్పండి, మరుగుదొడ్డి కడిగే ఆమ్లాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను కాలుస్తుంది.

పసుపుకు: చొక్కా మీద పప్పు మరక సబ్బు రుద్దగానే ఎర్రబడటం అందరికీ తెలుసు. "ఎందుకు ఎర్రబడింది?" అని అడగకండి, "దేనివల్ల? సబ్బా, నీళ్లా, రుద్దడమా, ఎండా?" అని అడగండి. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం ముక్కలు ఇచ్చి, ఒక్కోసారి ఒక్కటే మార్చమనండి. సున్నపు తేట, చాకలి సోడా, బూడిద నీళ్లు, బట్టల సబ్బు ఎరుపు చేస్తాయి. వంటసోడా అంతంతమాత్రం. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు. అయితే మామూలు నీళ్లకూ నిమ్మరసానికీ పసుపు తేడా చూపించదు. దాన్ని పిల్లలు పట్టుకున్నాక మందారపూల రసం తీయండి, ఆమ్లంలో గులాబీ ఎరుపు, క్షారంలో ఆకుపచ్చ. ఒక సూచికకు (ఆమ్లమో క్షారమో రంగుతో చెప్పేదానికి) దొరకనిది ఇంకోదానికి దొరుకుతుంది.

హారతి పళ్లెంలో ఎర్రనీళ్లు కూడా పసుపు, సున్నమే కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఔనని ముందుకు సాగండి, దిష్టి మీద చర్చ పెట్టుకుంటే పీరియడ్ గోవిందా.

త్రాసు_పళ్లెం

బరువుల మీద ఎవరూ రాయలేదు కనుక నా వంతు. ద్రవ్య నిత్యత్వ నియమానికి (చర్యకు ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యరాశి మారదు) అందరూ చేసేదే: సీసాలో నిమ్మరసం, బెలూన్‌లో వంటసోడా, బెలూన్‌ను సీసా మూతికి తగిలించి తూచడం, సోడా దులిపి బెలూన్ ఉబ్బాక మళ్లీ తూచడం. ఏమీ బయటికి పోలేదు, బరువు మారకూడదు. సున్నితమైన త్రాసు మీద పెడితే తగ్గుతుంది! బెలూన్ లీటరు దాకా ఉబ్బితే గ్రాము పైచిలుకు తగ్గుతుంది.

చాలామంది "గాలి ఎక్కడో కారింది" అని సర్దేస్తారు. కారకపోయినా తగ్గుతుంది. ఉబ్బిన బెలూన్ లీటరు గాలిని పక్కకు నెట్టింది, ఆ గాలి బరువు 1.2 గ్రాములు, ఆ మేరకు గాలి దాన్ని పైకి తోస్తోంది. నీళ్లలో బిందె తేలికైనట్టే. నియమం చెక్కుచెదరలేదు, త్రాసు చూపించేదానికీ ద్రవ్యరాశికీ మధ్య గాలి అడ్డం వచ్చింది.

పరీక్షించే దారి కూడా ఉంది. ఇదే చర్యను గట్టి మూత ఉన్న కూల్‌డ్రింక్ సీసాలో, సోడాను కాగితంలో చుట్టి వేసి, వెంటనే మూత బిగించి చేయండి. సీసా ఉబ్బదు కాబట్టి బరువు దాదాపు కదలదు. లీటరు సీసాకు 2 గ్రాముల సోడా దాటనివ్వకండి, గాజు సీసా అసలే వద్దు. తూచాక మూత వదులు చేస్తే బుస్సుమని పోయిన వాయువు బరువు కూడా తెలుస్తుంది.

డల్లాస్_నాన్న

ఇది మా అమ్మాయి అట్ట మీదికి వెళ్లిపోయింది. బరువు తగ్గుతుందంటే కొట్టిపారేసింది, తూచి చూసి అలిగింది. ఇప్పుడు రెండు సైజుల బెలూన్లతో చేస్తోంది.

పదికి_పది

చేశాను. మధ్యరకం హార్లిక్స్ సీసా, పుట్టినరోజు కేకు మీద పెట్టే సన్న కొవ్వొత్తులు. ఒకటి పెడితే నీళ్లు వేలి మందం ఎక్కాయి, రెండుకు అంతకంటే ఎక్కువ, మూడింటికి మూడు వేళ్లకు పైనే. బుడగలు కూడా పోయాయి. మంట ఆరాకే నీళ్లు ఎక్కడం మాట నిజం. వెనక బెంచీ కుర్రాడొకడు "మంట లేకుండా ఉత్త సీసా వేడి చేసి బోర్లిస్తే?" అన్నాడు. వేడినీళ్లు పోసి పారబోసి బోర్లించాం, నీళ్లు ఎక్కాయి.

అయినా బోర్డు పరీక్షలో ఈ ప్రశ్న వస్తే పాత జవాబే రాయమని చెబుతాను, పిల్లల మార్కులతో నేను ఆడుకోలేను.

తేటనీరు

ఆ కుర్రాడిని జాగ్రత్తగా చూసుకోండి! వేడినీళ్లు పోశారు కనుక సీసాలో ఆవిరి మిగులుతుంది, అది నీరుగా మారినా ఖాళీ ఏర్పడుతుంది. ఇప్పుడు రెండు కారణాలు కలిసిపోయాయి. పొడి సీసాను ఎండలోనో వేడి ఇసుకలోనో కాసేపు ఉంచి, గుడ్డతో పట్టుకుని బోర్లించమనండి. ఎక్కేది తక్కువే అయినా ఆవిరి పేచీ ఉండదు.

ఇంకొకటి అతని చేతే చేయించండి. ఒక పొడుగు కొవ్వొత్తి, ఒక పొట్టి కొవ్వొత్తి పక్కపక్కన వెలిగించి పెద్ద సీసా బోర్లించాలి. ఏది ముందు ఆరుతుంది? కార్బన్ డయాక్సైడ్ బరువైనది కాబట్టి పొట్టిదని చెప్పే పిల్లలే ఎక్కువ. ఆరేది పొడుగుది. వేడిగా ఉన్న వాయువులు ముందు పైకెక్కి అక్కడ పేరుకుంటాయి. తర్వాత అవే కొవ్వొత్తులను మూత లేని లోతైన గిన్నెలో పెట్టి, వంటసోడా నిమ్మరసం కలిపిన చెంబులోంచి వాయువును మాత్రం మెల్లగా వంచండి. ఈసారి పొట్టిది ముందు ఆరుతుంది. అదే వాయువు, రెండు రకాల ఫలితాలు. "బరువైనది కాబట్టి" అనే వాక్యం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చేయదు అన్నది వాళ్లే తేల్చుకోవాలి.

పరీక్ష జవాబు విషయంలో మీతో వాదించను. పిల్లలకు రెండూ తెలిసి, ఏది ఎందుకు రాస్తున్నారో తెలిస్తే చాలు.

లేత్_మెషీన్

నేను పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పనిచేస్తాను. ఐదో వంతు నిజంగా కొలవాలంటే కొవ్వొత్తి వదిలేసి ఇనుమును పట్టుకోండి. పరీక్షనాళిక లోపల తడిచేసి ఇనుప రజను చల్లితే గోడకు అంటుకుంటుంది. దాన్ని నీళ్లలో బోర్లించి, మట్టం దగ్గర దారం కట్టి వదిలేయండి. తుప్పు పట్టేకొద్దీ నీళ్లు మెల్లగా ఎక్కి, రెండు మూడు రోజుల్లో ఐదో వంతు దగ్గర ఆగిపోతాయి. వేడి లేదు, మంట లేదు, ఇక్కడ తగ్గింది ఆక్సిజనే. ఆగిపోవడమే అసలు సాక్ష్యం, ఇనుము ఇంకా మిగిలే ఉంటుంది.

గిన్నెలు తోమే పీచు వాడకండి. చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీలు, వారమైనా తుప్పు పట్టదు. అయస్కాంతానికి అంటుకుంటుంది కదా అని మోసపోవద్దు, ఆ రకం స్టెయిన్‌లెస్ కూడా అంటుకుంటుంది. త్వరగా కావాలని వెనిగర్ పోసేవారున్నారు. ఇనుము, ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ వచ్చి నీళ్లను కిందికి తోస్తుంది, కొలత చెడుతుంది. ఉప్పునీళ్లు చాలు.

తేటనీరు

చక్కటి జోడింపు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లేవోయిజర్ చేసింది కూడా ఈ దారిలోనిదే. పాదరసాన్ని గాలితో కలిపి మూసి 12 రోజులు వేడిచేశాడు. 50 ఘనపు అంగుళాల గాలిలో చివరికి 42, 43 మిగిలాయి. పాదరసం మీద ఏర్పడిన ఎర్రటి భస్మాన్ని విడిగా వేడిచేస్తే తగ్గినంత వాయువు తిరిగి వచ్చింది. 50లో ఏడో ఎనిమిదో అంటే ఆరో వంతు! ఆయనకే ఐదో వంతు రాలేదు, వచ్చిందే రాశాడు. టీచర్ గారూ, మీ పిల్లలకు ఆరో వంతు వస్తే సరిదిద్దకండి.

అదే వాయువును 1774 ఆగస్టు 1న ఇంగ్లండుకు చెందిన ప్రీస్ట్లీ కూడా తయారుచేశాడు. 1804లో చనిపోయేదాకా ఫ్లోజిస్టాన్ సిద్ధాంతాన్నే (మండేటప్పుడు వస్తువులోంచి ఫ్లోజిస్టాన్ అనే పదార్థం బయటికి పోతుందనే పాత కథనే) నమ్మాడు. ప్రయోగం చేతిలో ఉన్నా కథ మారడానికి ఎంత కాలం పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

కొత్త_పీఎస్_టీచర్

రెండు వారాలు పూర్తయ్యాయి. పొగను అంటించడం మూడు జట్లకు కుదిరింది, మిగతావాళ్లు మర్నాడు కిటికీలు మూసి సాధించారు. కొవ్వొత్తుల ఓటింగులో ఆక్సిజన్ కథకు 41 చేతులు లేచాయి, మూడో కొవ్వొత్తి తర్వాత తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిది మందీ "పెద్ద సీసా తేవాలి" అంటున్నారు, తెస్తున్నాను. ఆక్సిజన్‌కు సంకేతం ఎందుకు ఉండాలో ఒక అమ్మాయి తనే అడిగింది. బోర్డు మీద మాటిమాటికీ పేరంతా రాయలేక విసుగొచ్చిందట. సంకేతాల పాఠం అక్కడే మొదలుపెట్టేశాను.

ఇనుప రజను నాళికలు కిటికీ గూట్లో ఉన్నాయి. ఒక చిక్కు వచ్చింది. ఉదయం దారం పైన ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి కొంచెం దిగుతున్నాయి. పిల్లలు తుప్పు వెనక్కి పోతోందంటున్నారు. ఇంకోటి, లేత్ షాపు రజనుకు నూనె ఉంది, సరిగా అంటుకోవడం లేదు.

లేత్_మెషీన్

నూనెకు: బట్టల సోడా కలిపిన వేడినీళ్లలో రజను వేసి కలిపి, వంచి, మంచినీళ్లతో కడిగి వెంటనే వాడండి. కడిగి ఆరబెడితే అక్కడే తుప్పు మొదలవుతుంది.

నీళ్లు దిగడానికి: మధ్యాహ్నం ఎండకు నాళికలో గాలి వ్యాకోచిస్తోంది, అంతే. ఇనుము లేని నాళిక ఒకటి అదే గూట్లో బోర్లించారా? లేకపోతే ఈరోజే పెట్టండి. అది ఎంత దిగితే ఇనుమున్న దానిలో అంత సర్దుకోవచ్చు. కిటికీ గూటికంటే బీరువా వెనక నీడలో పెట్టడం మేలు. కొలత ఎప్పుడూ ప్రార్థన గంటకే తీయించండి.